అయిదో ముత్తయిదువ

జ్వరం వచ్చినవాళ్లు ఇంట్లో పడుకోవాలి. ఈ ఒక్క మాట చెప్పడానికి నలభై పేజీలెందుకండీ అని కామాక్షి అడిగితే రిజిస్ట్రార్ చలపతిరావుగారు నవ్వారు.

"తనిఖీకి వచ్చేవాళ్లు మాట చదవరమ్మా, బరువు చూస్తారు" అన్నారు.

అది రెండువేల తొమ్మిది, ఆగస్టు నెల. విమానాల్లో వచ్చిందన్న స్వైన్ ఫ్లూ అప్పటికే సిటీ బస్సులెక్కి తిరుగుతోంది. నాచారం పారిశ్రామికవాడ వెనక, మందుల కంపెనీల ప్రహరీలు దాటాక ఉండే ఆ ప్రైవేటు యూనివర్సిటీలో అత్యవసర ఏర్పాట్లంటే అప్పటిదాకా మెట్ల కింద వేలాడే ఎర్ర ఇసుక బకెట్లు మాత్రమే. వాటిలో కూడా ఇసుక కంటే వేరుశనగ తొక్కలే ఎక్కువ. వచ్చే నెల తనిఖీ బృందం వస్తుందని తెలిసేసరికి యాజమాన్యానికి అంటువ్యాధులంటే ఎక్కడలేని భయం పుట్టుకొచ్చింది. కామాక్షి పాఠం చెప్పేది సూక్ష్మజీవశాస్త్రం. రోగాలతో ఆవిడకేదో దగ్గర చుట్టరికం ఉన్నట్టు, ప్రణాళిక రాసే పని తీసుకొచ్చి ఆవిడ నెత్తిన పెట్టారు.

కామాక్షిది గుంటూరు వైపు. భర్త హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. నలభై దాటిన మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా పని అప్పగిస్తే తిట్టుకుంటూనే నిద్ర మానుకుని చేస్తుంది. అలాగే రాసింది. కమిటీ సమావేశంలో చలపతిరావుగారు పేజీలు తిప్పుతూ అన్నిటికీ బాగుంది బాగుంది అన్నారు. ఒక్క చోట ఆగి కళ్లజోడు తీశారు.

"జ్వరంతో ఇంట్లో ఉన్న రోజులకు విద్యార్థులకు హాజరు పోదు, ఉద్యోగులకు జీతం పోదు, కాంట్రాక్టువారికి కాంట్రాక్టు పోదు. ఇదేమిటమ్మా?"

"అదేనండి ప్రణాళిక. మిగతాదంతా మీరడిగిన బరువు."

"ఈ మాట బోర్డు మీద పెడితే రేపు పొద్దున్నే యూనివర్సిటీ మొత్తానికి జ్వరం వస్తుంది." అందరూ నవ్వారు. ఆయన ఎర్ర కలంతో ఆ పంక్తి కొట్టేశారు. "దీని బదులు గేటు దగ్గర తుపాకీ పెడదాం."

తుపాకీ అంటే నుదుటికి గురిపెడితే జ్వరం ఎంతుందో చూపించే యంత్రం. సికింద్రాబాద్‌లో ఎవరో తెలిసినవాడు తెప్పించి ఇస్తానన్నాడట. మంచివాళ్లకి పచ్చదీపం, జ్వరం ఉన్నవాళ్లకి ఎర్రదీపం.

"ఒక మాత్ర మింగి వస్తే ఆ తుపాకీకి ఏమీ తెలియదండి. జ్వరం దిగుతుంది గానీ రోగం దిగదు. హాజరు తక్కువైతే ఏడాది పోతుందని భయపడే పిల్లలు మింగరా? జీతం కోస్తారంటే స్టాఫు మింగరా?"

"మన వాళ్ల మీద మనకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా?" అన్నారాయన. గొంతులో నిజంగానే బాధ పలికింది. చలపతిరావుగారితో వచ్చే చిక్కంతా అదే. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడి గెలవచ్చు.

కామాక్షి ఆ పంక్తి కోసం అంతగా పట్టుబట్టడానికి ఒక మనిషి కారణం. ఉదయశ్రీ ఒకప్పుడు ఆవిడ విద్యార్థిని, ఇప్పుడు అదే విభాగంలో కాంట్రాక్టు లెక్చరర్. అంబర్‌పేట్ పిల్ల. తేజేష్ అనే కుర్రాణ్ణి ప్రేమించి పెళ్లి చేసుకుంది. అతని వాళ్లు తెనాలి నుంచి వచ్చి ఏఎస్ రావు నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. ఇటువాళ్లు ఆంధ్రావాడన్నారు, అటువాళ్లు మన కులం కాదన్నారు. రెండిళ్ల తలుపులూ మూసుకున్నాక ఆ ఇద్దరూ చిలకానగర్‌లో మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. మొదటి కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ తొమ్మిదో నెల.

ఆ ఫ్లూ గర్భిణుల ఊపిరితిత్తులను ఎంచుకుని మరీ పట్టుకుంటోందని కామాక్షి చదివింది. చదివిన దగ్గర నుంచీ ఉదయశ్రీ గేటులోంచి రావడం చూసిన ప్రతిసారీ దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగేది. సెలవు పెట్టమంది. కాంట్రాక్టువాళ్లకు ప్రసూతి సెలవు లేదు. సెమిస్టరు మధ్యలో ఆగిపోతే మళ్లీ పిలుస్తారన్న నమ్మకమూ లేదు. తేజేష్ కంపెనీ ఆ ఏడాది మాంద్యం పేరు చెప్పి సగం మందిని పంపేసింది, ఆ సగంలో అతనూ ఉన్నాడు.

"నాకేం గాదు మేడం. మీరు జర ఫికర్ తక్కువ జేయున్రి" అనేది ఉదయశ్రీ నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే కామాక్షికి ఇంకా ఒళ్లు మండేది.

సెలవు ఇప్పించలేకపోయింది గానీ కామాక్షి ఒక పని చేయగలిగింది. క్లాసులన్నీ తను తీసుకుని, ఉదయశ్రీని ల్యాబు వెనక సూక్ష్మదర్శిని గాజుపలకలు దాచే చిన్న గదిలో కూర్చోబెట్టింది. పేపర్లు దిద్దడం, ప్రశ్నలు తయారుచేయడం, అంతే పని. కిటికీ తెరిస్తే పక్క కంపెనీ ఘాటు వాసన, మూస్తే గాలాడదు. ఘాటైనా గాలి గాలేనని తెరిచే ఉంచేవాళ్లు. గది బయట స్టూలు వేసుకుని శాంతాబాయి కూర్చునేది.

శాంతాబాయి ల్యాబు అటెండరు. యాభై ఏళ్లుంటాయి, ఉప్పల్‌లోనే పుట్టి పెరిగింది. భర్త ఇదే నాచారంలో బాయిలరు పని చేస్తూ పోయాడు. పిల్లలు లేరు. ఉదయశ్రీ ఈ ల్యాబుకి విద్యార్థినిగా వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లను తన పిల్లలాగే చూసుకుంది. పొద్దున్నే జొన్నరొట్టె కాల్చి గుడ్డలో చుట్టి తెచ్చేది. ఇప్పుడు ఆ గదికి కాపలా కాస్తోంది. విద్యార్థులు వచ్చి, ఉదయా మేడంతో ఒక్క డౌటుంది అంటే స్టూలు మీంచి లేచేది కాదు.

"డౌట్లు నోట్లె పెట్టుకొని ఇంటికి వోన్రి. ఇటు ఎవ్వరు రావొద్దు."

రిజిస్ట్రార్‌గారే ఒకసారి తొంగిచూడబోతే, "తుమ్ములు గిట్ల ఉన్నయా సార్?" అని అడిగింది. ఆయన గతుక్కుమని వెనక్కి తగ్గారు. ఆ సంగతి విని కామాక్షి చాన్నాళ్ల తరువాత మనసారా నవ్వింది.

ఆ శాంతాబాయే ఒకరోజు మధ్యాహ్నం ల్యాబులో సీసాలు కడుగుతూ మాట ఎత్తింది.

"మేడం, ఉదయమ్మకు తొమ్మిది పడ్డయి. ఇంగ గాజులు తొడిగిందే లేదు."

కామాక్షి తలెత్తలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకు శాంతమ్మా?"

"తల్లి లేదాయె. అత్త తలుపు తీయది. అడిగెటోళ్లు లేరని పిల్ల పైకి నవ్వుతది గని, మొన్న పక్కింటి పిల్ల సీమంతం ఫొటోలు సూసి మస్తు ఏడ్సింది. నేను సూసిన. శ్రావణం ఎల్లిపోతే ఇంక భాద్రపదం, శూన్యమాసం. మంచి పని జేయరు. గీ శుక్రవారమొక్కటే ఉంది."

కామాక్షి వద్దంది. పదిమంది గుమిగూడకూడదని తనే రాసిందంది. కానీ అప్పటికే మాట స్టాఫ్ రూముకు చేరిపోయింది. లైబ్రరీలో పనిచేసే చంద్రిక, ఆఫీసులో అమూల్య, హాస్టలు వార్డెను తారామణి ముగ్గురూ వచ్చి ఆవిడ బల్ల చుట్టూ నిలబడ్డారు. కడుపుతో ఉన్న పిల్ల ఆశపడితే తీర్చకపోవడం పాపమన్నారు. కామాక్షి వాళ్ల మీద విసుక్కుని, గదిలోకి వెళ్లి ఉదయశ్రీనే అడిగింది. నీకు కావాలా ఇదంతా అని. ఆ పిల్ల పేపర్లలోంచి తల ఎత్తకుండా, "మీ ఇష్టం మేడం" అంది. చెవులు ఎర్రబడ్డాయి. అంత ఆశగా చెప్పిన మీ ఇష్టాన్ని కాదనడానికి రాతి గుండె కావాలి. కామాక్షికి కోపమే గానీ రాతి గుండె లేదు.

సరేనంది, స్టాఫ్ రూములోనే, షరతుల మీద. అయిదుగురే ఉండాలి, ఒక్కరు కూడా ఎక్కువ కాకూడదు. వాళ్లు ముగ్గురు, తనతో కలిపి నలుగురు. అయిదో మనిషిగా అమూల్య వాళ్ల అత్తగారు అన్నపూర్ణమ్మ వస్తానన్నారు. ఆవిడకు అందరి సీమంతాల్లోనూ పాటలు పాడటం సరదా. గేటు దగ్గర అందరూ తుపాకీ ముందు నిలబడాలి, దగ్గు జలుబు ఉంటే గడప తొక్కకూడదు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. చలిమిడి చెంచాతో తినిపించాలి. తినే ఆ ఒక్క క్షణం తప్ప ఉదయశ్రీ మాస్కు తీయకూడదు. తన నలభై పేజీల ప్రణాళిక కనీసం ఈ ఒక్క గదిలోనైనా అమలవుతుందని ఆవిడకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే తారామణి ఫోను చేసింది. హాస్టల్లో ముగ్గురు పిల్లలకు జ్వరం, రాత్రంతా వాళ్ల దగ్గరే ఉన్నాను, నేను రాను, నా వంతు అక్షింతలు మీరే వెయ్యండి అంది. కామాక్షి ఆవిణ్ణి మెచ్చుకుంది. మెచ్చుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి అక్కడ చంద్రిక, అమూల్య ముఖాలు వేలాడేసుకుని ఉన్నారు.

"నలుగురమయ్యాం మేడం" అంది చంద్రిక.

"అయితే?"

"నలుగురు పనికిరారు. సరిసంఖ్య. అయిదుగురన్నా ఉండాలి, ముగ్గురన్నా ఉండాలి."

"అయితే నేను తప్పుకుంటాను, ముగ్గురు చెయ్యండి."

"పెద్దదిక్కు మీరే. మీరు లేకుండా ఆ పిల్ల కుర్చీలో కూడా కూర్చోదు" అంది అమూల్య. కామాక్షి కాకపోతే మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు తప్పుకోవచ్చని ఎవరికీ తోచలేదు. తోచినా, ఎవరు తప్పుకుంటారు? ముస్తాబై వచ్చిన పట్టుచీరతో తలుపు బయట నిలబడే ముత్తయిదువ ఈ ప్రపంచంలో ఎక్కడుంది?

తలుపు బయట నిలబడ్డది శాంతాబాయి ఒక్కతే. చేతిలో ఆకుపచ్చ గాజుల డబ్బా. తెల్లారకముందే లేచి, ఉప్పల్ బజారులో తెలిసిన దుకాణంవాణ్ణి లేపి, ఉదయశ్రీ చేతి కొలతకు సరిపడేవి ఏరి తెచ్చింది. గది వైపు చూస్తోంది గానీ గడప దాటలేదు. కామాక్షి చూపు ఆమె మీద పడింది. అయిదో మనిషి ఎదురుగానే ఉంది కదా అన్న మాట నోటి దాకా వచ్చింది. అక్కడ అన్నపూర్ణమ్మగారున్నారు, పెద్దావిడ. చలిమిడి చేసి తెచ్చింది ఆవిడే. విధవను పిలిస్తే ఏమంటారో. ఇంత మంచి రోజున రభస దేనికి? కామాక్షి ఆ మాట మింగేసింది. ఈలోగా చంద్రిక సూర్యకళకు ఫోను చేయడం, ఆవిడ బయల్దేరాననడం కూడా అయిపోయింది.

సూర్యకళ భౌతికశాస్త్రం చెబుతుంది. యూనివర్సిటీలో ఏ శుభకార్యమైనా పెద్ద ముత్తయిదువ ఆవిడే. ఆ రోజు ఒంట్లో నలతగా ఉందని సెలవు పెట్టింది. గంటలోపే నిండుగా పసుపు చీర కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టుతో ఆటో దిగింది. గేటు దగ్గర తుపాకీ పచ్చదీపం చూపించింది.

"నలతన్నావట?" అని అడిగింది కామాక్షి.

"వానకి ఒళ్లు నొప్పులు, అంతే కామాక్షీ. నీ తుపాకీయే చెప్పిందిగా."

కమిటీలో ఆ తుపాకీని అంతలేసి మాటలన్న కామాక్షి, ఆ రోజు దాని మాట నమ్మింది. నమ్మితే పని జరుగుతుంది కాబట్టి నమ్మింది.

కుర్చీకి మామిడాకులు కట్టారు. గాజులు పైకి తోసుకుని అందరూ చేతులు కడుక్కున్నారు, గాజుల కింద మాత్రం ఎవరికీ సబ్బు అందలేదు. ఉదయశ్రీని కూర్చోబెట్టారు. జడకు పూలు పెట్టుకుని, కాళ్లకు పసుపు రాయించుకుంటూ, ఏ పక్కకు చూడాలో తెలియక చిన్నపిల్లలా నవ్వుతోంది. అప్పుడు తలుపు వైపు చూసింది.

"శాంతక్కా, అక్కడేంది? లోపటికి రా."

శాంతాబాయి తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. నువ్వు సల్లగుండాలె. నేను గిక్కడికెల్లే సూస్త."

ఉదయశ్రీ కామాక్షి వైపు చూసింది. కామాక్షి గంధం గిన్నె అటూ ఇటూ సర్దింది. అమూల్య వెళ్లి గాజుల డబ్బా అందుకుని వచ్చింది. అన్నపూర్ణమ్మగారు పాట ఎత్తుకున్నారు.

సూర్యకళే మొదట గాజులు తొడిగింది. చెంపలకు గంధం పూసింది. చెంచా చూసి పక్కన పెట్టేసింది. "చెంచాతో సీమంతమేమిటమ్మా, ఆస్పత్రిలో మందులాగా" అని చలిమిడి చేత్తో తీసి, మాస్కు కిందికి లాగి నోట్లో పెట్టింది. ఉదయశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ పోయాక తనకు చేత్తో ఎవరూ తినిపించలేదని ఆ పిల్ల నములుతూనే చెప్పింది. ఆ మాట విన్నాక ఇంక కామాక్షి ఏ నోటితో అడ్డం చెబుతుంది? అందరూ చేత్తోనే తినిపించారు. ఆవిడ కూడా.

ఆ ఆదివారం సూర్యకళకు జ్వరం నూట మూడు దాటింది. సోమవారం ఉదయశ్రీకి గొంతు నొప్పి. బుధవారం తేజేష్ ఫోను చేసి, "మేడం, మాట మాట్లాడుతుంటే ఆయాసపడుతోంది, మెట్లు దిగలేనంటోంది" అన్నాడు. కామాక్షి ఆటో తీసుకుని చిలకానగర్ పరుగెత్తింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మెట్లు దింపారు. సికింద్రాబాద్ వైపు పెద్ద దవాఖానా చేరేదాకా ఉదయశ్రీ తల కామాక్షి భుజం మీదే ఉంది. పెదాలు నీలం తిరుగుతున్నాయి. అయినా ఏదో చెప్పబోతోంది. కామాక్షి చెవి దగ్గర పెట్టి వింది.

"కాంట్రాక్ట్ మేడం. లీవ్ లెటర్ మీరే రాసియ్యిన్రి."

కామాక్షికి ఏడవాలో అరవాలో తెలియలేదు. తలమీద చెయ్యి వేసి, రాస్తానంది.

శుక్రవారం ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు తక్కువే గానీ గట్టిగా ఏడ్చింది. పరీక్ష చేస్తే బిడ్డకు రోగం అంటలేదని తేలింది. తల్లికి మాత్రం అప్పటికే గొంతులోకి గొట్టం వేశారు, ఆ ఏడుపు విందో లేదో ఎవరికీ తెలియదు. చేతి నరానికి సూది వేయడానికి గాజులు అడ్డం వస్తున్నాయని పగలగొట్టి తీసి ఒక కవరులో వేసి కామాక్షికి ఇచ్చారు. తేజేష్‌కూ జ్వరం తగిలి అదే భవనంలో వేరే అంతస్తులో ఉన్నాడు. చంద్రిక, అమూల్య, అన్నపూర్ణమ్మగారు ముగ్గురూ దగ్గుతో ఇళ్లల్లో పడ్డారు. కామాక్షికి ఏమీ రాలేదు, ఏ క్షణాన వస్తుందో తెలియదు. వార్డు బయట, గీత గీసిన చోటుకు ఇవతల కుర్చీలో కూర్చుని ఉండేది.

సూర్యకళ ఫోను చేసింది. చాలాసేపు దగ్గింది, తరువాత ఏడ్చింది.

"రెండు మాత్రలు వేసుకుని వచ్చాను కామాక్షీ. నలుగురే ఉన్నారని చంద్రిక అనేసరికి, ఆ పిల్లకి మొదటిది పోయింది కదా, ఈసారి సరిసంఖ్యతో చేసి మళ్లీ ఏదైనా అయితే నా వల్లేనని జన్మంతా అనిపిస్తుందేమోనని భయం వేసింది. మంచే జరగాలనుకున్నాను."

అంత కోపిష్టి కామాక్షికి ఆ క్షణాన ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఫోను పెట్టేశాక తెలిసింది. ఎందుకంటే వెంటనే చలపతిరావుగారు చేశారు.

"ఎలా ఉందమ్మా ఆ పిల్లకి? దేవుడు చల్లగా చూడాలి. ఒక్క చిన్న విషయం. మన గేటు దగ్గర ఇప్పటిదాకా ఒక్క జ్వరం కూడా దొరకలేదు కాబట్టి, రోగం బయటే అంటిందని రాయొచ్చు కదా? స్టాఫ్ రూములో ఏదో పూజ జరిగిందట, అది మాత్రం ప్రణాళికలో ఎక్కడా రాకుండా చూడమ్మా."

"మీ తుపాకీ ముందు నుంచే వెళ్లిందండి రోగం" అంది కామాక్షి. "పసుపు చీర కట్టుకుని, పచ్చదీపం వేయించుకుని వెళ్లింది. ఉదయకు సెలవు ఇచ్చి ఉంటే ఆ గదిలో ఉండేదే కాదు. మీరు కొట్టేసిన పంక్తి మళ్లీ రాస్తాను. స్టాఫ్ రూము సంగతీ రాస్తాను, నేనున్నానని కూడా రాస్తాను. మీరు కొట్టేసుకోండి."

సరే, విశ్రాంతి తీసుకోమ్మా అన్నారాయన.

ఆదివారం తెల్లవారుజామున ఉదయశ్రీ పోయింది.

ఏఎస్ రావు నగర్ నుంచి ఎవరూ రాలేదు. తేజేష్ వేరే అంతస్తులో ఇంకా జ్వరంతోనే ఉన్నాడు. అంబర్‌పేట్ నుంచి తండ్రి వచ్చి, గేటు బయట చెట్టు కింద కూర్చుని, తల పట్టుకుని, కూతురి పేరే పదేపదే అనుకుంటూ ఉండిపోయాడు. లోపలికి రమ్మంటే రోగం అంటుకుంటుందని వెంట వచ్చిన కొడుకులు రానివ్వలేదు. కామాక్షి గీతకు ఇవతల నిలబడి ఏడ్చింది. తన విద్యార్థిని, తన పక్కన పెట్టుకుని కాపాడుకుందామనుకున్న పిల్ల, తన చేతి చలిమిడి కూడా తిని పోయింది. ఆ ఏడుపులో ఉండగానే పసిపిల్లల వార్డు నర్సు బయటికి వచ్చింది.

"పాప కొంచెం చల్లబడుతోందమ్మా. పసివాళ్లను వేడిగా ఉంచే పెట్టెలన్నీ నిండి ఉన్నాయి. ఎవరైనా ఎదకు హత్తుకుని వెచ్చగా పెట్టుకోవాలి. రోగంవాళ్ల దగ్గరికి ఈ పది రోజుల్లో వెళ్లని ఆడమనిషి కావాలి. ఎవరున్నారు?"

కామాక్షి మనసులో ఒక్కొక్కరినీ అనుకుంటూ పోయింది. సూర్యకళ, చంద్రిక, అమూల్య, అన్నపూర్ణమ్మ, తను. ఆ పిల్ల మంచి కోరి పసుపు రాసి, గాజులు తొడిగి, నోట్లో తీపి పెట్టిన ఏ ఒక్కరి చెయ్యీ ఇప్పుడు ఆ పిల్ల బిడ్డను తాకడానికి లేదు. తారామణి హాస్టల్లో జ్వరాల మధ్య ఉంది. గడప దాటనివ్వని మనిషి ఒక్కతే మిగిలింది. హాస్టల్లో జ్వరాలు బయటపడటంతో సీమంతం మర్నాటి నుంచి ల్యాబు మూసేశారు, ఉదయశ్రీ జబ్బుపడ్డాక ఎవరినీ చూడనివ్వలేదు. శాంతాబాయి రోజూ దవాఖానా గేటు దాకా వచ్చి, రొట్టె గుడ్డ వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లిపోతోంది.

ఫోను చేస్తే శాంతాబాయి, "తానం జేసి వస్త" అంది.

ఉతికిన తెల్ల చీరలో, తడి జుట్టుతో వచ్చింది. ఉదయశ్రీ పోయిన సంగతి గేటు దగ్గరే తెలిసినట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి. నర్సు తలుపు తెరిచి పట్టుకుని, రామ్మా, చేతులు కడుక్కో అంది. శాంతాబాయి కదల్లేదు. తలుపు ముందు, స్టాఫ్ రూము ముందు ఎలా నిలబడిందో అలాగే నిలబడి, గీతకు అవతల నుంచి కామాక్షి వైపు తిరిగింది.

"మేడం, నేను ముట్టచ్చునా? మీకెర్కనే గదా. ఆడపిల్ల, పుట్టంగనే తల్లిని పోగొట్టుకున్నది. మొదలు నా అసుంటి దాని చెయ్యి తగిల్తే..."

"నువ్వు తప్ప ఇక్కడ ఇంకెవరం ముట్టకూడదు శాంతమ్మా" అంది కామాక్షి. "ఆ రోజే నిన్ను లోపలికి పిలవాల్సింది. నీకు ఏ జబ్బూ లేదు. అయిదో మనిషివి నువ్వే కావాల్సింది."

శాంతాబాయి తడి జుట్టు ముడివేసుకుంది.

"నేను గూడ గదే అనుకున్న మేడం. ఉదయమ్మ పిలిచింది గని, పసిదాని లెక్క, ఆమెకేం తెలుసు? మీరు పెద్దోళ్లు. మీల ఎవరన్న ఒక్కరు రమ్మంటే వచ్చేద్దామని, గాజుల డబ్బ వట్టుకొని మస్తుసేపు నిలవడ్డ."

"లోపలికి వెళ్లు శాంతమ్మా" అంది కామాక్షి.

శాంతాబాయి కొళాయి దగ్గరికి వెళ్లి, రోజూ ల్యాబులో సీసాలు కడిగే ముందు కడుక్కున్నట్టే, మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. గాజులు లేని చేతులు కావడంతో ఎక్కడా ఏదీ అడ్డం రాలేదు. తరువాత లోపలికి వెళ్లింది, నర్సు బిడ్డను తెచ్చి ఆమె ఎద మీద పడుకోబెట్టింది.